గీత ఉన్న కాలు

సోమవారం ఉదయం బావగారు నాలుగు కవర్లు తెచ్చి చిన్నకోడలి ముందు వరసగా పేర్చి, వీటిలో ఒకదాన్ని ఎంచమన్నారు. పెళ్లి సంబంధాల ఫొటోలు పరిచినంత గంభీరంగా పరిచారు. రేపేదైనా తేడా వస్తే బాధ్యత ఎంచినవాళ్లదేనన్న ధోరణి కూడా అచ్చం పెళ్లి సంబంధాల ధోరణే.

కవర్లలో ఉన్నవి కెపాసిటర్లు. ఒక్కొక్కటీ చిటికెన వేలి గోరంత గుండ్రటి డబ్బా. అడుగున రెండు తీగ కాళ్లు. కరెంటును కాసేపు కడుపులో దాచుకుని, కావలసినప్పుడు వదలడం దాని పని. ఒక కాలు ప్లస్, ఇంకో కాలు మైనస్. తిన్నగా బిగిస్తే ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా పడి ఉంటుంది. తిరగేసి బిగిస్తే వేడెక్కి, పొట్ట ఉబ్బి, టప్పున పేలుతుంది. ఇంటి కోడళ్లకూ దానికీ ఉన్న పోలిక చిన్నకోడలికి ఎప్పుడో తోచింది గాని, ఆ ఇంట్లో పైకి అనదగిన హాస్యం కాదది.

ఆ ఇంటి కింది అంతస్తంతా బావగారి వ్యాపారం. బావగారంటే ఆమె భర్తకు అన్నగారు. రేడియోలు, యాంప్లిఫయర్లు సరదా కొద్దీ ఇంట్లో కూర్చుని సొంతంగా బిగించుకునే మనుషులు లోకంలో ఉంటారు. వాళ్ల కోసం రంధ్రాలున్న ఒక ఖాళీ బోర్డు, ఒక సంచిలో విడిభాగాలు, ఎలా బిగించాలో చెప్పే ఒక కరపత్రం పెట్టెలో సర్ది పంపుతారు. కిట్ అంటే అదే. భర్త పెట్టెలను బండి మీద చేరవేస్తాడు. అత్తగారు కరపత్రాలు మడతపెడతారు. భాగాలు ఎంచడం, పరీక్షించడం, సంచుల్లో వేయడం, ఫిర్యాదులకు జవాబులు రాయడం చిన్నకోడలి వంతు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చదివిన పిల్ల దొరికిందని ఎనిమిదేళ్ల క్రితం అందరూ మురిసిపోయారు. పని ఇంట్లోనే, గడప దాటక్కర్లేదు అన్నారు. అప్పట్లో అది సౌకర్యంలా వినిపించింది.

పెద్దకోడలు లేని ఇంట్లో ఆమె చిన్నకోడలు. బావగారు పెళ్లి చేసుకోలేదు, కరపత్రం రాశారు. నాలుగు మడతల కాగితం, రెండు వైపులా అచ్చు, ప్రతి బొమ్మా ఆయన స్వహస్తంతో గీసింది, చివర ఆయన ఫొటో. ఒకేసారి వేలకు వేలు అచ్చు వేయించిన కట్టలు ఆమె కూర్చునే నడవలోనే గోడ వారగా నిలబెట్టి ఉంటాయి. ముందుగదికీ వంటింటికీ మధ్య నడవ అది. ఒక్కటే కిటికీ. తెరిస్తే చెయ్యి చాచిన దూరంలో పక్కింటి గోడ. ఎండ అటువైపు నుంచి వచ్చిన దాఖలా లేదు గాని, పక్కింటివాళ్లు గోడకు సున్నం వేయించిన ఏడాది నడవలోకి కాస్త వెలుగు వచ్చింది.

నాలుగు కవర్లు రావడానికి కారణం నలభై ఒక్క ఫిర్యాదులు. చిట్టి యాంప్లిఫయర్ అనే కిట్‌లో మొదటి నుంచీ నారింజ రంగు పూసలాంటి ఒక రకం కెపాసిటర్ వేసేవాళ్లు. నిరుడు దాని తయారీ ఆగిపోయింది. బదులుగా ఏది వేయాలో ఎంచమంటే చిన్నకోడలు వారం రోజులు కూర్చుని, అంతే విలువ, అంతే వోల్టులు, బోర్డు రంధ్రాల్లో సరిగ్గా దిగే కాళ్లు, పెట్టె మూతకు తగలని ఎత్తు అన్నీ చూసి ఈ డబ్బా రకాన్ని ఎంచింది. పది బోర్డులు బిగించి చూసింది. పదీ చక్కగా పాడాయి. అప్పుడు బావగారు కూడా బాగుందన్నారు. ఆయన నోట ఆ మాట రావడం అరుదు కాబట్టి ఆమె దాన్ని రెండు మూడు రోజులు మనసులో దాచుకుని తిరిగింది.

ఆ తరువాత ఉత్తరాలు మొదలయ్యాయి. పేలింది, పొగ వచ్చింది, కంపు కొట్టింది, మా ఆవిడ తిట్టింది. ప్రతి ఉత్తరానికీ బావగారు చెప్పిన ఒకే జవాబును చిన్నకోడలు తన చేత్తో రాస్తుంది. 'తమరు కెపాసిటరును తిరగేసి బిగించినట్లు తెలియుచున్నది. మా కరపత్రములోని సూచనలను శ్రద్ధగా చదివి పాటించగలరు.' నలభై ఒక్కసార్లు రాశాక ఆ వాక్యం ఆమె చేతికి ఎంత అలవాటైందంటే, ఒకసారి కిరాణా చీటీ రాయబోయి 'తమరు' అని మొదలుపెట్టింది.

ఇప్పుడు బావగారికి అనుమానం వచ్చింది. మనుషులు ఇంతమంది ఒకేసారి తెలివితక్కువవాళ్లు కావడం కుదరదు, కాబట్టి సరుకులోనే లోపం ఉండాలి అన్నారు. ఆయన దృష్టిలో లోకంలో తప్పు చేయగలిగినవి రెండే, కొనేవాళ్లు, వస్తువులు.

సోమ, మంగళవారాలు చిన్నకోడలు నాలుగు రకాలనూ పరీక్షించింది. సంచిని పొడుస్తాయని ఎప్పటిలాగే ముందు కాళ్లు సమంగా కత్తిరించింది. కొత్త కెపాసిటర్‌కు ప్లస్ కాలు కాస్త పొడుగ్గా ఉంటుంది. కత్తెర ఆ తేడాను రెండు క్షణాల్లో తుడిచేస్తుంది. కాళ్లను బోర్డుకు అతికే సోల్డర్ కడ్డీ మొనను తడి స్పాంజి మీద తుడుచుకుంటూ, ఒక్కో రకానికి ఐదేసి బోర్డులు బిగించింది. సన్నటి పొగ ముక్కు పక్కనుంచి పైకి పోతుంటే ఊపిరి బిగబట్టడం, పోయాక వదలడం ఆమెకు ఇప్పుడు ఆలోచించి చేసే పని కాదు. అడాప్టర్ పెట్టి గంటసేపు వదిలేసి, వేలితో తాకి వేడెక్కాయేమో చూసింది. ఇరవై బోర్డులూ చల్లగా పాడాయి. వెనక్కి పంపమని చెప్పి తెప్పించిన పేలిన బోర్డులు చూసింది. అన్నిటిలోనూ కెపాసిటర్ తిరగబడే ఉంది.

మంగళవారం మధ్యాహ్నం అదే చెప్పింది. నాలుగూ మంచివేనండీ, నిరుడు ఎంచినదీ మంచిదే, జనమే తిరగేస్తున్నారు అంది. బావగారు గడ్డం నిమురుకుని, నేను మొదటి నుంచీ అంటున్నదదే కదా అన్నారు. సోమవారం అన్నదాన్ని ఆయన అప్పుడే మరచిపోయారు.

బుధవారం పది గంటలకు ముందుగదిలో ఆడగొంతు వినిపించింది. నడవకూ ముందుగదికీ మధ్య ఉన్నది కర్టెన్ మాత్రమే కాబట్టి, అత్తాకోడళ్లు మాటలు పట్టుకోవడానికి ప్రత్యేకంగా కష్టపడనక్కర్లేదు. అయినా అత్తగారు మడతపెట్టడం ఆపారు.

వచ్చినావిడ ఒక బడిలో టీచరు. సాయంత్రాలు పిల్లలకు ఎలక్ట్రానిక్స్ క్లబ్ నడుపుతుంది. పన్నెండు కిట్లు తెప్పించి, పన్నెండు మంది చేతా బిగింపించి, అందరి ముందూ ఒకేసారి స్విచ్ వేయించింది. పన్నెండూ ఒకటి తరువాత ఒకటి పేలాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ప్లస్సుకూ మైనస్సుకూ తేడా తెలియని మనిషి పిల్లలకు కరెంటు పాఠం చెప్పడమేమిటని బడి కమిటీ లేచి కూర్చుంది. ఆవిడ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. శనివారం కమిటీ కూర్చుంటుంది. క్లబ్బే కాదు, తనూ ఉంటుందో ఊడుతుందో ఆ రోజు తేలుతుంది. ఇందులో తన తప్పు లేదని సంస్థ ఒక ముక్క రాసి ముద్ర వేసి ఇస్తే చాలు.

బావగారు మర్యాదస్తులు. కుర్చీ చూపించారు, మంచినీళ్లు ఇప్పించారు, తప్పు మాత్రం ఆవిడదేనన్నారు. అంతగా అనుమానముంటే లోపల మా అమ్మాయి దగ్గర కూర్చుని ఇంకో కిట్ బిగించి చూడండి, ఎక్కడ పొరపాటు చేస్తున్నారో తనే చెబుతుంది అని కర్టెన్ తొలగించారు.

టీచరు వచ్చి స్టూలు మీద కూర్చుంది. నలభై దాటిన మనిషి, చీర కుచ్చెళ్ల దగ్గర సుద్దముక్క మరక. చేతిసంచిలోంచి కరపత్రం తీసి పరిచింది. బావగారి కరపత్రం అంత నలిగి ఉండటం చిన్నకోడలు ఎప్పుడూ చూడలేదు. ప్రతి పంక్తి కిందా పెన్సిల్ గీతలు, అంచుల్లో అంకెలు. ఆవిడ ఒక్కో అంశం పైకి చదివి, చదివినంత మేర చేసి, టిక్కు పెట్టుకుని, తరువాతదానికి పోతోంది. సోల్డర్ పట్టిన చెయ్యి కుదురుగా ఉంది. తప్పు చేసే చెయ్యి కాదది.

"పదకొండు," అని చదివింది టీచరు. "'గీత ఉన్న కాలును ప్లస్ రంధ్రమందు ఉంచవలెను.'"

కెపాసిటర్ తీసి, ఒంటి మీద నిలువునా ఉన్న వెండి గీతను చూసుకుని, ఆ వైపు కాలును ప్లస్ రంధ్రంలో పెట్టింది.

అటు కాదండీ అనబోయి చిన్నకోడలు ఆగింది. చెయ్యి చాచి కరపత్రం అందుకుంది. పదకొండో అంశాన్ని ఒకసారి చదివింది. పక్కన బొమ్మ చూసింది. పూసలాంటి కెపాసిటర్ బొమ్మ, ఒంటి మీద ఒక గీత, గీత పక్కన ప్లస్ గుర్తు. నిజమే. ఆ పాత రకానికి గీత ప్లస్ వైపు ఉండేది. ఈ కొత్త డబ్బా రకాలన్నిటికీ గీత మైనస్ వైపు ఉంటుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఎంత బాగా తెలుసంటే ఆలోచించనక్కర్లేనంత. నిరుడు కొత్తది చేతిలోకి రాగానే చెయ్యి దానంతట అది తిరిగింది. కరపత్రం తిరగలేదు. ఎనిమిదేళ్లలో ఆమె ఆ కాగితాన్ని కొన్ని వేలసార్లు పెట్టెల్లో పెట్టింది, ఒక్కసారీ చదవలేదు. శ్రద్ధగా చదివినవాళ్ల కిట్లు పేలాయి. చదవకుండా తోచినట్టు బిగించినవాళ్లవి పాడాయి.

టీచరు ఆమె మొహం చూసింది. "ఈ గీతలో సన్నగా మైనస్ లాంటిది ఉంది. పిల్లలకు ఇచ్చేముందే నాకు అనుమానం వచ్చింది. మీకు ఉత్తరం కూడా రాశాను."

"ఏమని జవాబొచ్చింది?" అంది చిన్నకోడలు, ఏమని వచ్చిందో తెలిసీ.

టీచరు సంచిలోంచి కాగితం తీసి చూపించింది. కరపత్రములోని సూచనలను శ్రద్ధగా చదివి పాటించగలరు. "అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి," అంది. ఎగతాళి చేస్తోందో మెచ్చుకుంటోందో గొంతును బట్టి తెలియలేదు.

చిన్నకోడలు ఆ కాగితాన్ని తిరిగి టీచరు చేతిలో పెట్టింది. "మీరు చేసింది తప్పు కాదండీ," అంది.

"ఆ మాటే కాగితం మీద రాసివ్వండి. చాలు."

చిన్నకోడలు ముందుగది వైపు చూసింది. ఆమె రాయగలదు. ముద్ర ముందుగదిలో సొరుగులో ఉంటుంది. ముద్ర లేని కాగితం మీద ఆ సంస్థలో ఆమె ఎవరని రాసుకోవాలి? జీతం పట్టీలో లేదు, గుమ్మం మీది బోర్డులో లేదు. కోడలు అనేది హోదా కింద వేసుకోవడానికి పనికిరాదు. శనివారం లోపల ఏదో ఒకటి చేస్తానంది. టీచరు తల ఊపి, బోర్డులు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. అలాంటి మాటలు ఆవిడ ఇదివరకు కూడా విన్నట్టే ఉంది.

అత్తగారు మళ్లీ మడతలు మొదలుపెడుతూ, "నీళ్లు తాగు," అన్నారు.

చిన్నకోడలు పదకొండో అంశం సంగతి చెబుతున్నంతసేపూ బావగారు కళ్లు మూసుకుని ఉన్నారు. విన్నాక, కరపత్రం రాసినప్పుడు అందులో తప్పు ఉందా అని అడిగారు. లేదండీ అంది. రాసినప్పుడు లేని తప్పు తరువాత ఎలా వస్తుంది అన్నారు. దానికి జవాబు చెప్పవచ్చు గాని, చెప్పే చోటు అది కాదు. అలా అయితే కరపత్రం మారదు, కెపాసిటరే మారాలి, గీత ప్లస్ వైపున్నది ఎంచు అన్నారు. ఈ రకంలో అలాంటివి ఎవరూ తయారుచేయరండీ, అంగట్లో వంద రకాలున్నా వందకీ గీత మైనస్ వైపే అని ఆమె చెప్పింది. టీచరు అడిగిన కాగితం సంగతీ చెప్పింది. బావగారు తల అడ్డంగా ఊపారు. ఒకరికి రాసిస్తే నలభై ఒక్కరికీ రాయాలి. అందరికీ రాస్తే, ఇన్నాళ్లూ మనం రాసిన జవాబులు ఏం కావాలి?

గురువారం ఉదయానికి ఆయనకు ఉపాయం తట్టింది. ఒక సీసాలో రంగును కరిగించే థిన్నర్, దూది ఉండలు, తెల్ల పెయింటు, రెండు సన్న కుంచెలు తెచ్చి నడవలో పెట్టారు. ఉన్న గీతను థిన్నర్‌తో తుడిచెయ్యాలి. అవతలి వైపు తెల్ల పెయింటుతో కొత్త గీత గీయాలి. అప్పుడు గీత ప్లస్ వైపు ఉంటుంది. కరపత్రం ప్రకారం అంతా సవ్యంగా ఉంటుంది.

చిన్నకోడలు ముక్కున వేలేసుకోలేదు గాని, వేలు దాదాపు అక్కడిదాకా వెళ్లింది. ఈ వస్తువు సంగతి తెలిసినవాళ్లు గీత చూడగానే మైనస్ అనుకుంటారండీ, అప్పుడు వాళ్లు తిరగేస్తారు అంది.

"తెలిసినవాళ్లు మన కిట్ ఎందుకు కొంటారమ్మా?" అన్నారు బావగారు.

ఆ రోజంతా ముగ్గురూ కూర్చున్నారు. అత్తగారు దూదితో రుద్దారు. భర్త పెట్టెలు దించి వచ్చి కుంచె పట్టుకున్నాడు. చిన్నకోడలు ఒక్కొక్కదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని తిప్పుతూ, తుడవాల్సిన వైపు చూపించి అందించింది. థిన్నర్ వాసనకు కళ్లు మండాయి. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ మరింత దగ్గరగా ఉన్నట్టు అనిపించి మళ్లీ మూసేసింది. ఎండిన గీతలను అట్టముక్క మీద పదేసి చొప్పున నిలబెట్టారు. చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి. అబద్ధానికి అంత నీటైన రూపం ఇవ్వడం ఆ ఇంటివాళ్లకే చేతనవును.

భర్తతో మెల్లగా అంది, ఇది తప్పు కదూ అని. అతను కుంచె మొన నాలికతో తడిపి మొన సరిచేయబోయి, పెయింటని గుర్తొచ్చి ఆగాడు. "అన్నయ్య చెప్పాడు కదా. గీసెయ్. రేపు శుక్రవారం, ఎల్లుండికి మర్చిపోతాడు," అన్నాడు. ఎల్లుండి శనివారమని అతనికి గుర్తులేదు. గుర్తున్నా అతనికి అది మామూలు శనివారమే.

సాయంత్రానికి మూడు వందలు పూర్తయ్యాయి. ఇంకా రెండు వేల ఏడు వందలున్నాయి. అత్తగారు వేళ్లు చూసుకుని, గోళ్ల సందుల్లో వెండి రంగు దిగిందంటూ, "ఈ వయసులో నాకీ సింగారం రాసిపెట్టి ఉంది," అన్నారు. నవ్వాలా వద్దా అని ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని, చివరికి ఎవరూ నవ్వలేదు.

శుక్రవారం ఉదయం పంపాల్సిన కిట్లలోంచి ఒకటి తీసి బిగించి చూడటం చిన్నకోడలికి రోజూ ఉండే పని. మనసంతా మర్నాటి కమిటీ మీద ఉంది. ఏమని రాయాలి, ఏ ముద్ర వేయాలి, టీచరు గుమ్మంలో నిలబడి ఖాళీ చేతులు చూసి ఏమనుకుంటుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పదో భాగం, పదకొండో భాగం, పన్నెండు. అడాప్టర్ పెట్టింది. స్పీకర్ ఒక్క క్షణం గురగురమంది. ఆ తరువాత టప్పుమంది.

చిన్నది, గట్టిగా కూడా లేదు. పాప్‌కార్న్ గింజ పేలినంత. కానీ మూత ఎగిరి ఆమె చెంప పక్కనుంచి పోయి కరపత్రాల కట్టకు తగిలి పడింది. కాలిన వాసన నడవంతా నిండింది. అత్తగారు "అమ్మో" అంటూ ఆమె మొహం రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఏమీ కాలేదు. చిన్నకోడలు బోర్డు వైపు చూసింది. తెల్ల పెయింటు గీత. ఆమె చెయ్యి దాన్ని గీత అనుకుని, మైనస్ అనుకుని, ఏడాది అలవాటు కొద్దీ ఆ కాలును మైనస్ రంధ్రంలో పెట్టింది. నిన్న తన చేత్తో తిప్పి అందించినవాటిలో ఒకటి.

ముందుగదిలోంచి బావగారి గొంతు వచ్చింది. "ఎవరు చేశారది?"

ఏమైంది అని కాదు. దెబ్బ తగిలిందా అని కూడా కాదు. ఎవరు అని. చిన్నకోడలికి ఆ ప్రశ్న ఎనిమిదేళ్లుగా వినిపిస్తున్నదే. కాఫీ చల్లారినా, పెట్టె తడిసినా, అచ్చులో అక్షరం పోయినా ముందుగా వచ్చేది అదే. ఇన్నాళ్లూ ఆమె దానికి జవాబు వెతుక్కుంటూ, తప్పించుకుంటూ వచ్చింది. ఆ ఉదయం మాత్రం, చెంప పక్కన ఇంకా వెచ్చగా ఉండగా, ఆమెకు అది ఒక తలుపు తాళం చెవిలా కనిపించింది. ఈయనకు కరపత్రం కాపాడుకోవడం కూడా అంత ముఖ్యం కాదు. మనిషి కావాలి. తప్పు పెట్టుకోవడానికి ఒక మనిషి దొరికితే మిగతావన్నీ వదిలేస్తారు.

కర్టెన్ తీసి ముందుగదిలోకి వెళ్లింది.

"నేనేనండీ," అంది. "ఇదొక్కటే కాదు. నలభై ఒకటీ, టీచరుగారి పన్నెండూ నా వల్లే. నిరుడు ఎంచింది నేను కదా. విలువ చూశాను, ఎత్తు చూశాను, కరపత్రంతో సరిపోతుందో లేదో చూడలేదు. కరపత్రం తప్పని ఎక్కడా రాయక్కర్లేదు బావగారూ. ఎంపిక తప్పని రాద్దాం."

బావగారి మొహంలో వారం రోజులుగా బిగుసుకుని ఉన్న నరమేదో వదులైంది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పోనీలే అమ్మా," అన్నారు, ఎంతో దయగా. "పొరపాట్లు మానవ సహజం."

వెంటనే కలం తీశారు. రాయడమంటే ఆయనకు ఎప్పుడూ ప్రాణం లేచివస్తుంది. కరపత్రంతో పాటు ప్రతి పెట్టెలో పెట్టడానికీ, ఫిర్యాదు చేసిన ప్రతివాళ్లకీ పంపడానికీ ఒక చీటీ తయారైంది. 'మా సంస్థ యందు భాగములను ఎంపిక చేయువారి పొరపాటు వలన, కరపత్రములోని చిత్రమునకు సరిపడని కెపాసిటరు కిట్టునందు చేరినది. కావున పదకొండవ అంశమున గీత ఉన్న కాలును మైనస్ రంధ్రమందు ఉంచవలెను.'

చిన్నకోడలు చదివి, ఇంకొక్క వాక్యం కావాలండీ అంది. ఇంతకుముందు కరపత్రం ప్రకారం బిగించినవారి తప్పు ఏమీ లేదని.

అది దేనికి, పై వాక్యంలో వచ్చేసింది కదా అన్నారు ఆయన.

"రాలేదండీ. తప్పు నాదైతే వాళ్లది కాదు. వాళ్లదైతే నాది కాదు. రెండు చోట్లా ఒకే తప్పు ఎలా ఉంటుంది?"

తర్కం బావగారి బలహీనత. కాసేపు కలం ఆడించి, ఆ వాక్యం చేర్చారు. కింద పేరు కూడా వేయమంది. అప్పుడాయన నిజంగా తలెత్తి చూశారు. ఎందుకమ్మా నలుగురిలో అన్నారు. పేరు లేని తప్పును బడి కమిటీ నమ్మదండీ అంది. ఆ మాటా సబబుగానే తోచింది ఆయనకు. చీటీ అడుగున ఆమె పేరు, దాని కింద 'భాగముల ఎంపిక' అని రాసి, ముద్ర గట్టిగా, తిన్నగా వేశారు. పెళ్లి శుభలేఖ తరువాత ఆమె పేరు ఒక కాగితం మీద పడటం అదే. శుభలేఖలో పక్కన ఇంకొకరి పేరు కూడా ఉంది.

భర్త ఆ చీటీ తీసుకుని బడికి బయలుదేరుతూ ఆగాడు. నువ్వెందుకు మోస్తావ్ ఇదంతా అన్నాడు, కాస్త నొచ్చుకుని. మోసేదాన్ని కాదు, మీరే మోయాలి, జాగ్రత్తగా ఇచ్చి రండి, టీచరుగారి చేతికే ఇవ్వండి అంది.

నడవలో అత్తగారు ఆమె వైపు చూడకుండా అడిగారు. "నువ్వు నిజంగానే తప్పు చేశావా?"

"సగం, అత్తయ్యా."

అత్తగారు కర్టెన్ వైపు చూశారు. మిగతా సగం సంగతి అడగలేదు.

తెల్ల గీతలు గీసిన మిగతా కెపాసిటర్లన్నిటినీ చిన్నకోడలు ఒక డబ్బాలో పోసి, మూతకు టేపు చుట్టి, చెత్తలో పడేసింది. నిన్నటి రోజైతే దానికి నాలుగు ప్రశ్నలు వచ్చేవి. ఆ రోజు ఎవరూ నోరెత్తలేదు. తప్పు ఎవరిదో, దాని గురించిన మాట కూడా వాళ్లదే చెల్లుతుందన్నమాట. ఆ సంగతి ఇంత ఆలస్యంగా తెలిసినందుకు ఆమెకు తన మీదే కాస్త జాలి వేసింది.

శనివారం కమిటీలో ఏం జరిగిందో ఆదివారం సాయంత్రం భర్త చెప్పాడు. చీటీ పైకి చదివారట. ఒక పెద్దమనిషి, ముద్ర ఉంది కదా, ఇంకేం అన్నాడట. క్లబ్ ఉంటుంది, టీచరూ ఉంటుంది. పన్నెండు మంది పిల్లలూ కొత్త కెపాసిటర్లు అడుగుతున్నారట. ఇవి చెప్పి, కాస్త ఆగి, ఆవిడ నీకు థాంక్స్ చెప్పమంది అన్నాడు. చిన్నకోడలు తల ఊపి బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ ఉండిపోయింది. కళ్లు మాత్రం కాస్త మసకబారి, రెండు మంచి గింజలు కూడా రాళ్లలోకి పోయాయి.

తరువాతి వారం మామూలుగా గడిచింది. అదే నడవ, అదే గోడ. మిగిలిన రెండు వేల ఏడు వందల కెపాసిటర్లు కాళ్లు కత్తిరించుకుని సంచుల్లోకి వెళ్లసాగాయి. ఒక్కో కరపత్రం మడతలో ఒక్కో చీటీ పెడుతూ, తన తప్పును రోజుకు వందసార్లు తన చేత్తోనే మడిచి పెట్టింది. బాగా చీకాకు వేసిన పూట, ఈ ఇల్లు తనను ఇక్కడ కూర్చోబెట్టడమే కాక దానికి రసీదు కూడా రాయించుకుందని అనిపించింది.

గురువారం పదకొండు గంటలకు ముందుగదిలో ఫోన్ మోగింది. బావగారు ఎత్తారు. తనే యజమాని, తనే రచయిత, ఏ సందేహమైనా తననే అడగవచ్చని ఆయన చెప్పడం వినిపించింది. చివరికి కర్టెన్ పక్కకు జరిపి, ఆమెను కాక గోడను చూస్తూ అన్నారు.

"నీకేనమ్మా. తప్పు చేసినావిడ ఉన్నారా అని అడుగుతున్నారు. నేను చెబుతానంటే వద్దట."

చిన్నకోడలు చేతులు తుడుచుకుని వెళ్లింది. అవతల ఒక వాచీలు బాగుచేసే ముసలాయన. నలభై ఒక్కమందిలో ఒకడు. ఆ ఏడాదిలో తనకొచ్చిన ఉత్తరాల్లో తప్పు మాదే అన్నది అదొక్కటేనట, అందుకని దాచుకున్నాడట. ఇప్పుడు వేరే సంస్థ అమ్మిన పాత రేడియో కిట్ ఒకటి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అందులో కెపాసిటర్ చచ్చిపోయింది. అలాంటిది ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. బదులుగా ఏది వేయాలో ఆవిడైతే చెబుతుందనిపించింది.

"మీరు కాబట్టి అడుగుతున్నానమ్మా," అన్నాడు. "ఒకసారి పొరబడినవాళ్లు రెండోసారి చూసి చెబుతారు."

చిన్నకోడలికి వెంటనే జవాబు చెప్పాలనిపించలేదు. పాతదాని ఒంటి మీద ఏం రాసి ఉందో అడిగింది. ఎంత ఎత్తు, కాళ్ల మధ్య ఎంత ఎడం, చుట్టూ ఏమున్నాయి అని అడిగింది. బావగారి బల్ల మీది కాగితం ముక్క లాక్కుని రాసుకుంది. నిలబడి రాయడం కష్టంగా ఉంటే ఆయన కుర్చీలోనే కూర్చుంది. కూర్చున్నాక గాని ఆ సంగతి గమనించలేదు.

"దాంతోపాటు వచ్చిన కాగితం ఉందా మీ దగ్గర? ఉంటే చదవండి," అంది.

"అంతానా? చాలా పొడుగుంది."

"అంతా. మొదటి నుంచి. నాకు తొందరేం లేదు."

ముసలాయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. బావగారు కాసేపు అలమార పక్కన నిలబడి చూశారు. అది ఇప్పట్లో తేలే వ్యవహారం కాదని అర్థమయ్యాక కర్టెన్ తొలగించి నడవలోకి వెళ్లి, ఖాళీగా ఉన్న స్టూలు మీద కూర్చున్నారు.

అత్తగారు ఒక కెపాసిటర్ల సంచి ఆయన ముందుకు జరిపి, చేతికి కత్తెర అందించారు.